క్యాంపింగ్‌లో గోధుమ, మైదా లేకుండా ప్యాన్‌కేకులు: బెంగళూరు నుంచి వీకెండ్ వెళ్ళేవాళ్ళకి మొత్తం ప్రాసెస్

మేం ఉండేది కేఆర్ పురంలో. శనివారం మధ్యాహ్నం కారెక్కి హోస్కోటె ట్రాఫిక్ ఒక్కటి దాటితే చాలు, కోలార్ పెద్ద దూరం కాదు, అందుకే మా క్యాంపింగులన్నీ దాదాపు అంతరగంగె కొండల వైపే. మొదటిసారి అక్కా బావా వాళ్ళని తీసుకెళ్ళినప్పుడు పొద్దున్నే క్యాంప్ వాళ్ళు టిఫిన్ పెట్టారు, బ్రెడ్ ఆమ్లెట్, ఉప్మా. రెండూ గోధుమే. మా మేనకోడలికి సీలియాక్, అంటే గోధుమలో ఉండే గ్లూటెన్ పడని జబ్బు, అని తేలి అప్పటికి ఏడాదయింది, పదకొండేళ్ళ పిల్ల, ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని అరటిపండు తొక్క తీసుకుంటా "మామా, ఇంటికెళ్ళేదాకా నాకు ఇదేనా" అంది. అలవాటైపోయిన గొంతుతో అంది. మేమంతా బ్రెడ్ ముక్క చేతిలో పట్టుకుని దాన్ని చూస్తా కూర్చున్నాం.

ఆ తర్వాత ట్రిప్ నుంచి పొద్దున టిఫిన్ డ్యూటీ నాది. ఇప్పటికి ఏడెనిమిది సార్లు చేసుంటా, అందులో రెండుసార్లు ఘోరంగా చెడగొట్టా, ఆ చెడిపోయినవి కూడా చెప్తా ఎందుకంటే వాటివల్లే ఎక్కువ తెలిసింది. ముందే ఒక మాట, దీన్ని యూట్యూబ్‌లో కనిపించే మెత్తటి అమెరికన్ ప్యాన్‌కేక్ అనుకుని మొదలుపెడితే నిరాశే. దిబ్బరొట్టెకి చిన్న తమ్ముడు అనుకోండి. సన్నసెగ, మూత, ఓపిక. మన చేతికి వచ్చిన పనే ఇది, పేరొక్కటే కొత్త.

అసలు ఏది తినకూడదో ముందు తేల్చుకోండి

గ్లూటెన్ అంటే ఒక రకం ప్రోటీన్, అది ఉండేది గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ధాన్యం) లో. గోధుమ అంటే మైదా, బొంబాయి రవ్వ, గోధుమరవ్వ, సేమ్యా అన్నీ అందులోకే వస్తాయి. బియ్యం, రాగి, జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, శనగపిండి, సగ్గుబియ్యం, వీటిలో సహజంగా ఉండదు. అంటే మన వంటింట్లో సగం పైన సామాను సేఫే.

కానీ సీలియాక్ ఉన్నవాళ్ళకి "సహజంగా లేదు" అంటే సరిపోదు. ఇది అలర్జీ లాంటిది కూడా కాదు, గ్లూటెన్ లోపలికెళ్తే ఒంట్లో రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని దెబ్బతీస్తుంది, కొంచెం తగిలినా సరే. డైట్ కోసం మానేసినవాళ్ళకి ఒక చపాతీ ముక్క పెద్ద లెక్క కాదు, వీళ్ళకి లెక్కే. మీ గ్రూప్‌లో ఉన్నది ఏ రకమో అడిగి తెలుసుకోండి, దాన్నిబట్టి ఎంత జాగ్రత్త పడాలో తెలుస్తుంది. (పక్క మాట: మీకే అనుమానం ఉంటే టెస్ట్ చేయించుకోకుండా గోధుమ మానేయకండి, మానేశాక రక్తపరీక్ష చేస్తే సరిగ్గా తేలకపోవచ్చు. డాక్టర్‌ని అడిగాకే.)

మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. సూపర్ మార్కెట్‌లో "రాగి ప్యాన్‌కేక్ మిక్స్", "మిల్లెట్ మిక్స్" అని ముందు పెద్ద అక్షరాలు ఉంటాయి, వెనక తిప్పి చూస్తే కొన్నిట్లో గోధుమపిండి ఉంటుంది. ప్యాకెట్ ముందువైపు నమ్మొద్దు, వెనకవైపే చదవండి. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రతా సంస్థ) రూల్ ప్రకారం కేజీకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదు, కాబట్టి ఆ మాట రాసున్న ప్యాకెట్ తీసుకోవడం మేలు. ఓట్స్‌లో గోధుమ కలిసిపోయే ఛాన్స్ ఎక్కువ, ఆ మాట రాసి లేకపోతే వదిలేయండి, ఓట్స్ అసలే పడనివాళ్ళు కూడా కొందరుంటారు. మాల్ట్ దగ్గర కూడా తికమకే, మన రాగిమాల్ట్ అంటే మొలకెత్తిన రాగులు, కానీ ప్యాకెట్ మీద ఉత్త "మాల్ట్" అని ఉంటే అది ఎక్కువగా బార్లీదే. ఇక ఇంగువ. డబ్బాలో దొరికే ఇంగువలో చాలావాటికి మైదానో బియ్యప్పిండో కలుపుతారు, మా అక్క ఆరునెలలపాటు అన్నీ మానేసి కూడా పిల్లకి ఎందుకు తగ్గట్లేదా అని తల పట్టుకుంటే చివరికి పోపులో ఇంగువ దొరికింది.

పిండిమర సంగతి కూడా. వీధి చివర మరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని ఉంటారు, ఆ రాళ్ళలో మిగిలిందంతా మన రాగుల్లోకి వస్తుంది. సీలియాక్ వాళ్ళకైతే మరకి వద్దు, ఇంట్లో మిక్సీలో పట్టుకోండి లేదా ప్యాకెట్ కొనండి. జల్లెడ కూడా వేరే ఉండాలి, చపాతీ పిండి జల్లించినదాన్ని ఎంత కడిగినా ఆ సన్నటి కన్నాల్లో పిండి ఉండనే ఉంటుంది.

ముందు రోజు ఇంట్లో: పొడి మిక్స్

నిజం చెప్పాలంటే పని మొత్తం ఇక్కడే. చలిలో పొద్దున ఆరింటికి, చేతులు వణుకుతుంటే, హెడ్‌ల్యాంప్ వెలుతురులో పావు స్పూన్ సోడా కొలవడం అయ్యే పని కాదు. ఇంట్లో కొలిచి కలిపి కవర్లో పోసేసుకుంటే అక్కడ పాలు, గుడ్లు పోయడమే.

నలుగురికి, అరచేతంత ప్యాన్‌కేకులు ఓ డజను వచ్చే కొలత ఇది, కప్పు అంటే 240 ఎంఎల్ కప్పు:

బియ్యప్పిండి 1 కప్పు, దాదాపు 150 గ్రాములు
రాగిపిండి అర కప్పు, 65 గ్రాములు
కార్న్‌ఫ్లోర్ పావు కప్పు, 30 గ్రాములు, లేదా అంతే సగ్గుబియ్యం మెత్తగా పొడి చేసి
ఇసబ్‌గోల్ పొట్టు 1 టేబుల్ స్పూన్
బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు
వంటసోడా పావు టీస్పూన్
ఉప్పు అర టీస్పూన్
బెల్లం పొడి 2 టేబుల్ స్పూన్లు, రెండు ఏలకులు దంచి

ఎందుకిన్ని అంటారేమో. మైదాలో నీళ్ళు పడి కలిపితే గ్లూటెన్ సాగే వలలాగా అల్లుకుంటుంది, బేకింగ్ పౌడర్ వదిలే గాలిబుడగలు ఆ వలలో చిక్కుకుంటాయి కాబట్టి పొంగుతుంది. మనకి ఆ వల లేదు. అందుకే ఉత్త బియ్యప్పిండితో పోస్తే తిరగేసేటప్పుడు విరుగుతుంది, పంటికింద ఇసకలాగా తగులుతుంది. రాగి రుచినిస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది, కర్ణాటకలో ఉన్నాం కాబట్టి మంచి రాగికి కరువూ లేదు, దేశంలో రాగి ఎక్కువ పండేది ఇక్కడే. కార్న్‌ఫ్లోర్ మెత్తదనానికి. ఇక ఇసబ్‌గోల్, మలబద్ధకానికి మెడికల్ షాపులో కొంటామే అదే, తడి తగలగానే జిగురులాగా మారి ఆ లేని వల పని ఇది చేస్తుంది. ఇది మర్చిపోతే మిగతావన్నీ ఎంత కరెక్టుగా వేసినా ముక్కలు ముక్కలే. ఫ్లేవర్లు కలిపినవి కాకుండా ఉత్త పొట్టే తీసుకోండి.

అన్నీ ఓ పెద్ద గిన్నెలో పోసి విస్కర్‌తో రెండు నిమిషాలు బాగా కలపండి, సోడా ఒకచోటే ఉండిపోతే ఆ ముక్క తిన్నవాడి మొహం చూడాలి. రెండు లీటర్లు పట్టే మందపాటి జిప్‌లాక్ కవర్లో పోసి గాలి తీసేసి మూయండి. కవర్ మీద మార్కర్‌తో "పాలు 300, గుడ్లు 2, నూనె 2 టేబుల్ స్పూన్లు, నిమ్మ సగం" అని రాయండి. ఇది రాయకుండా వెళ్ళి కొండ కింద సిగ్నల్ లేకుండా ఫోన్ పైకెత్తుకుని తిరిగిన అనుభవం ఉంది.

తడి పిండి మాత్రం ఇంట్లో కలిపి తీసుకెళ్ళొద్దు. నేను చెడగొట్టిన మొదటిసారి ఇదే. తెలివి ఎక్కువై రాత్రే కలిపి వాటర్ బాటిల్లో పోసి గట్టిగా మూత బిగించా. సోడా, బేకింగ్ పౌడర్ రాత్రంతా పనిచేస్తా ఉన్నాయి, పొద్దున్న మూత తిప్పగానే ఠప్పుమని టెంట్ పైకప్పు దాకా కొట్టింది. బావ స్లీపింగ్ బ్యాగ్ మీద రాగి రంగు మచ్చ ఇప్పటికీ ఉంది. అంతా చేసి మిగిలిన పిండి పెనం మీద పోస్తే పొంగలేదు, ఉన్న గ్యాసంతా టెంట్‌లోనే పోయింది మరి.

ఏమేం సర్దుకోవాలి

పాలు టెట్రా ప్యాక్‌వి తీసుకోండి, తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు, నందిని గుడ్‌లైఫ్ ఏ కొట్లో అయినా ఉంటుంది. గుడ్లు పెంకుతోనే, మూత ఉన్న స్టీలు డబ్బాలో పాత టవల్ ముక్క చుట్టి. నిమ్మకాయ ఒకటి. నూనె చిన్న సీసాలో, వేరుశనగదో పొద్దుతిరుగుడుదో. కొబ్బరినూనె, నెయ్యి అనుకుంటే డిసెంబర్ పొద్దున అవి రాయిలాగా ఉంటాయి, కొబ్బరినూనె 24 డిగ్రీల కిందకి వస్తే గడ్డకట్టేస్తుంది, స్టవ్ పక్కన పెట్టి కరగబెట్టుకోవాలి.

మేపుల్ సిరప్ నాకు ఎప్పుడూ డబ్బు దండగే అనిపిస్తుంది. కప్పు బెల్లంలో అర కప్పు నీళ్ళు పోసి కరిగాక వడకట్టి, వేలికి అంటుకునేంత చిక్కబడేదాకా మరిగించి, సాస్ బాటిల్‌లాగా నొక్కితే కారే బాటిల్లో పోసుకోండి. తీగపాకం దాకా పోనివ్వద్దు, చల్లారితే బాటిల్లోంచి రాదు. నొక్కే బాటిల్ ఎందుకంటే, గిన్నెలో పెడితే ఎవడో ఒకడు బ్రెడ్ ముంచిన స్పూన్ అందులో పెడతాడు, అయిపోయింది, ఇక పిల్లకి ఆ పాకం లేదు. జామ్, వెన్న కూడా అంతే, పిల్లకి వేరే చిన్న సీసా.

పెనం, అట్లకాడ, మూత, ఇవి ఇంటి నుంచే. రెండోసారి నేను చేసిన తప్పు ఇక్కడే. పెనం మర్చిపోయి క్యాంప్ కిచెన్‌లో అడిగి తెచ్చా, కడిగే ఇచ్చారు పాపం. పిండి పోయబోతుంటే అక్క వెనక నుంచి "ఒరేయ్, ఆ పెనం ఎక్కడిది రా?" అంది. "కిచెన్‌లోది అక్కా, కడిగారు." తను వేలితో అంచు గీకి చూపించింది, నల్లటి పొర కింద చపాతీ పిండి ఎండిపోయి తెల్లగా ఉంది. ఇనప పెనం, చెక్క గరిటె ఇలాంటివి పిండిని లోపల దాచుకుంటాయి, సబ్బుతో ఎంత తోమినా గ్యారంటీ లేదు. అప్పట్నుంచి ఒక చిన్న నాన్‌స్టిక్ పెనం, ఒక అట్లకాడ వాటి మీద ఎర్ర టేపు చుట్టి పిల్ల కోసమే ఉంచాం, ఇంట్లో కూడా వేరే వంటకి వాడం.

స్టవ్ అంటే మేం వాడేది బ్యూటేన్ డబ్బా పెట్టే సింగిల్ బర్నర్. బర్నర్ కంటే మరీ పెద్ద పెనం పెట్టొద్దు, పక్కనున్న గ్యాస్ డబ్బా మీదకి వేడి కొట్టి ప్రమాదం.

పొద్దున్న: కలపడం

ముందు స్టవ్ జాగా చూసుకోండి. సూర్యోదయం టైమ్‌లో కొండల దగ్గర గాలి బాగా కొడుతుంది, మంట పక్కకి పోయి పెనం సగమే వేడెక్కుతుంది, కారు చాటునో బండ చాటునో పెట్టండి. చలిగా ఉందని టెంట్‌లో మాత్రం వెలిగించొద్దు, నిప్పు సంగతి ఒకటైతే కార్బన్ మోనాక్సైడ్ ఇంకోటి, వాసన ఉండదు రంగు ఉండదు, తెలిసేలోపే స్పృహ పోతుంది.

300 ఎంఎల్ పాలల్లో సగం నిమ్మకాయ పిండి అయిదు నిమిషాలు వదిలేస్తే కాస్త విరిగినట్టు అవుతాయి, కంగారు పడొద్దు, అదే కావాలి, ఆ పులుపుకే సోడా పొంగుతుంది. ఆ పాలు, రెండు గుడ్లు, రెండు టేబుల్ స్పూన్ల నూనె నేరుగా ఆ జిప్‌లాక్ కవర్లోకే పోసేయండి. గిన్నె అక్కర్లేదు. గుడ్డు ముట్టుకున్న చేతులు కడుక్కుని, కవర్ మూసి పైనుంచి చేత్తో పిసకండి, మూలల్లో పొడిపిండి దాక్కుంటుంది, అక్కడ బాగా నొక్కండి. ఈ పని పిల్లలకి ఇస్తే పోటీలు పడి చేస్తారు. మైదా అయితే ఎక్కువ కలిపితే గట్టిపడుతుందని భయపెడతారు, ఇక్కడ గ్లూటెనే లేదు కాబట్టి ఉండల్లేకుండా ఎంతైనా కలుపుకోవచ్చు. అయ్యాక జిప్ ఓ మూల కొంచెం తెరిచి ఏదైనా మగ్గులో నిలబెట్టండి, బాటిల్ కథ గుర్తుందిగా.

పది పదిహేను నిమిషాలు నాననివ్వాలి. ఈలోగా టీ పెట్టుకోండి. బియ్యప్పిండి నానకపోతే ఇసక తగులుతుంది, ఇసబ్‌గోల్ కూడా జిగురు పట్టాలి. తర్వాత చూస్తే ముందుకంటే బాగా చిక్కబడి ఉంటుంది. ఊతప్పం పిండి కంటే ఒక పిసరు చిక్కగా, గరిటెలోంచి జారితే ధారగా కాకుండా ముద్దముద్దగా పడేలా ఉండాలి. మరీ గట్టిగా ఉంటే రెండేసి స్పూన్ల పాలు పోసి కలపండి. అరగంట దాటనివ్వద్దు, పొంగు తగ్గిపోతుంది.

గుడ్డు తినని వాళ్ళుంటే గుడ్ల బదులు బాగా మగ్గిన ఏలక్కి (చిన్న సైజు) అరటిపళ్ళు రెండు మెదిపి వేసి, ఇసబ్‌గోల్ ఇంకో టీస్పూన్ పెంచండి. ఇంకాస్త మెత్తగా వస్తాయి, రంగు త్వరగా ఎక్కుతుంది, సెగ ఇంకా తగ్గించుకోవాలి. అరటిపళ్ళు మాత్రం పొద్దునదాకా కార్లోనే పెట్టండి, బల్ల మీద పెట్టి మొహం కడుక్కోడానికెళ్తే కోతులు తీసుకెళ్ళాయి మావి.

కాల్చడం

పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి, అప్పుడు సెగ సన్నం చేసి అర నిమిషం ఆగండి. దోశకి పెట్టే వేడి పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, దీంట్లో జనం చేసే తప్పు ఎక్కువగా ఇదే. అర స్పూన్ నూనె రాసి, కవర్ కింది మూల కత్తెరతో వేలు పట్టేంత కోసి, అరచేతంత గుండ్రంగా పిండండి. గరిటెతో పరవొద్దు, దానంతట అదే కాస్త సర్దుకుంటుంది. పెద్దగా పోస్తే తిరగేసేటప్పుడు విరుగుతుంది.

మూత పెట్టండి. ఆవిరికి మధ్యలో ఉడుకుతుంది, దిబ్బరొట్టెకి చేసేది ఇదే కదా. రెండున్నర మూడు నిమిషాలు. మైదావాటికి పైన బుడగలు వచ్చి పగిలితే తిప్పమంటారు, వీటికి బుడగలు తక్కువే కనిపిస్తాయి, వాటికోసం ఎదురుచూస్తే మాడుతుంది. అంచు చూడండి. అంచు చుట్టూ తడి మెరుపు పోయి బియ్యప్పిండి రొట్టెలాగా పొడిగా కనిపించి, అట్లకాడ కిందకి పెడితే అతుక్కోకుండా లేస్తే అప్పుడు తిప్పండి. రెండోవైపు మూత లేకుండా ఒకటిన్నర నిమిషం. మధ్యలో వేలితో నొక్కితే స్పాంజిలాగా పైకి రావాలి, గుంట అలాగే ఉండిపోతే ఇంకాస్త ఉంచండి.

మొదటిది ఎప్పుడూ పోతుంది. అది వంట చేసినవాడిది.

కట్టెల పొయ్యి అయితే, అదీ క్యాంప్ వాళ్ళు ఒప్పుకున్న చోటే, మంట మీద చేయకండి, కట్టెలు కాలి నిప్పులయ్యాక వాటిని పరిచి మూడు రాళ్ళ మీద పెనం పెట్టండి, ఒకవైపు ఎక్కువ కాలుతుంటే పెనం తిప్పుతా ఉండండి.

తేడా వస్తే ఏం చేయాలంటే, లోపల జిగటగా ఉంటే సెగ ఎక్కువైనట్టు లేదా పిండి మరీ మందంగా పోసినట్టు. విరిగిపోతుంటే ఇంకో అయిదు నిమిషాలు నాననివ్వండి, తర్వాతిది చిన్నగా పోయండి. అప్పడంలాగా చదునుగా వస్తే బేకింగ్ పౌడర్ పాతది, ఇంట్లో వేడినీళ్ళలో అర స్పూన్ వేసి చూస్తే బుసబుస పొంగాలి, లేకపోతే పారేయండి. సబ్బు వాసన వస్తే సోడా ఎక్కువ పడింది, దానికి మందులేదు, పాకం ఎక్కువ పోసుకోవడమే.

మా బావకి పొద్దున్నే తీపి పడదు. ఆయన కోసం బెల్లం, ఏలకులు వేయని కవర్ ఇంకోటి కట్టుకుంటా, అక్కడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి జీలకర్రతో కలపడమే, అల్లం పచ్చడితో లాగించేస్తాడు. కారప్పొడి నంజుకుంటే అందులో ఇంగువ ఉందేమో చూడండి.

ఇంకో మాట, మీకు వేరే బ్రెడ్డు, పిల్లకి వేరే ప్యాన్‌కేక్ అని రెండు రకాలు పెట్టుకోకండి. బల్ల మీద బ్రెడ్ పొడి రాలుతుంది, చేతులు మారతాయి, అక్క ఒక్కతే కాపలా కాస్తా తను తినదు. ఆ పూటకి అందరం ఇవే తింటే గొడవే ఉండదు, ఆరుగురికి కొలత ఒకటిన్నర రెట్లు చేసుకుంటే సరిపోతుంది.

తిన్నాక పెనం టిష్యూతో తుడిచి కొంచెం వేడినీళ్ళతో కడిగేస్తే చాలు, ఆ కవరూ టిష్యూలూ చెత్త సంచిలో వేసి ఇంటికే తెచ్చేయండి. మిగిలితే ఒక్కోదాని మధ్య అరిటాకు ముక్క పెట్టి డబ్బాలో సర్దండి, చల్లారితే కాస్త గట్టిపడతాయి గానీ బాగానే ఉంటాయి. పోయినసారి నాలుగు మిగిలాయి, హోస్కోటె దగ్గర జామ్‌లో ఇరుక్కున్నప్పుడు వెనక సీట్లోంచి డబ్బా మూత చప్పుడైంది, తిరిగి చూసేసరికి మూడు అయిపోయాయి, నాలుగోది "నీకు కావాలా మామా" అని సగం కొరికాక అడిగింది.